తల ఎత్తి ఈదే పిల్ల

నాకు ఈత నేర్పింది మా మేనత్త, మా ఊళ్లో పొలం దగ్గరి బావిలో. నడుముకు ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టి నీళ్లలోకి తోసేసింది. బావిలో ఎవరూ తల ముంచి ఈదరు. గట్టు మీదివాళ్లతో ముచ్చట్లు పెడుతూ ఈదుతారు. నాకూ అదే అలవాటైంది.

యూనివర్సిటీలో చేరాక క్యాంపస్ పూల్‌లో ఈత పోటీలకు పేరిచ్చాను. కోచ్ సార్ మొదటి రోజే తల పట్టుకున్నారు.

"ఏందమ్మా, గట్ల మెడ లేపి ఈదుతవు? బస్సు కోసం చూస్తున్నవా?"

తల ముంచితే దిక్కు తెలిసేది కాదు, వరుసల మధ్య కట్టిన తాళ్లకు గుద్దుకునేదాన్ని. ప్రతి పోటీలోనూ చివర్లోనే ఉండేదాన్ని.

ఆ ఏడే అమ్మాయిలకు తొలిసారి వాటర్ పోలో జట్టు పెట్టారు. లోతు నీళ్లలో ఈదుతూ, బంతిని చేత్తో గోల్‌లోకి విసిరే ఆట అది. సార్ నన్ను పిలిచారు.

"గీ ఆటల తల దించితే బంతి కనవడది. నువ్వు గిందులకు రా."

క్యాంపస్‌లో మాతో ఆడటానికి వేరే అమ్మాయిల జట్టు లేక అబ్బాయిలతోనే ప్రాక్టీసు చేసేవాళ్లం. వాళ్లు మొహమాటంగా మెల్లగా విసిరేవారు. వారాసిగూడ నుంచి వచ్చే మా గోల్‌కీపర్‌కు ఒక రోజు ఒళ్లు మండింది.

"అన్నా, గులాబ్‌జామూన్ ఇస్తున్నవా? సక్కగ కొట్టు."

బంతి పట్టుకున్న అబ్బాయి గట్టిగా కొట్టాడు. బంతి ఆమె మొహానికి తగిలింది. మునిగి లేచి, "ఆ, గిట్ల" అంది. ఆ రోజు నుంచి అసలు ఆట మొదలైంది.

మా పూల్‌లోనే జరిగిన మొదటి టోర్నమెంటులో బయటి జట్టు చేతిలో చిత్తుగా ఓడిపోయాం. అవతలి జట్టువాళ్లు నీళ్ల కింద కాళ్లు పట్టి లాగుతారని మాకెవరూ చెప్పలేదు. మా తరఫున ఒక్కటే గోల్. కొట్టింది నేనే. నిజానికి అది పాస్ ఇద్దామని విసిరిన బంతి. చూడ్డానికి ఊరి నుంచి వచ్చిన మేనత్త అడిగింది:

"ఓడిపోయినమా బిడ్డా?"

"ఓడినం అత్తమ్మా."

"మరి గంతగనం నవ్వుతున్నవేంది?"

"గోల్ కొట్టిన గదా."

తడి జుట్లతోనే అందరం క్యాంపస్ పక్కనున్న తార్నాకకు నడిచి దోసెలు తిన్నాం. మేనత్తకు ఆట అర్థమయ్యేలా చట్నీ గిన్నెలతో చూపించాం.

తర్వాత గెలవడమూ నేర్చుకున్నాం. భుజం మొరాయించేదాకా రాష్ట్ర జట్టుకు ఆడాను. ఇప్పుడు పొద్దున్నే పూల్‌లో అమ్మాయిలకు ఆట నేర్పుతున్నాను. ఎంతమంది వస్తున్నారంటే, కొందరిని గట్టు మీద కూర్చోబెట్టాల్సి వస్తోంది. వాళ్ల అమ్మలు ఫోన్ చేసి, "మా పిల్లను ఎందుకు ఆడిస్తలేరు మేడం?" అని గొడవకు దిగుతారు. మాతో ఆడటానికి ఇంకో అమ్మాయిల జట్టే లేని రోజులు గుర్తొచ్చి, ఆ ఫోన్లు ఎంతసేపైనా వింటాను.