ఎల్బోలో విరిగిన మర

ప్లంబరు కూతురు పదో తరగతి నుంచీ సెలవు రోజుల్లో నాన్న వెనకాలే తిరిగి పని ఒంటబట్టించుకుంది. ఆడపిల్లకి ఆ గొట్టాల గొడవేమిటని అమ్మ ఎంత మొత్తుకున్నా తండ్రీకూతుళ్లిద్దరూ చెవిన పెట్టలేదు. అలాంటి పిల్ల ఇరవై రెండో ఏట, ఒకరోజు అన్నం తింటూ, చర్చి తరఫున ఏడాదిన్నర వేరే ఊళ్లో సేవ చేసొస్తానంది.

అమ్మ వెంటనే సరేనంది. నాన్నే రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మూడోరోజు ఆమె పెట్టె సర్దుకుంటుంటే వచ్చి, బట్టల కింద ఒక చిన్న రెంచీ, ఇనుము కోసే హాక్సా బ్లేడు, మరలకి చుట్టే టెఫ్లాన్ టేపు చుట్ట పెట్టాడు.

"దేవుడి పనికెళ్తుంటే ఇవెందుకు నాన్నా?"

"ఉండనీ. తిండి అడుగుతాయా?"

వెళ్లిన ఊళ్లో మూడో అంతస్తులో ఒక గది ఇచ్చారు. తోడుగా ఇంకో అమ్మాయి, ఐదేళ్లు పెద్దది. లేవడం, ప్రార్థన, ఆసుపత్రిలో రోగుల్ని పలకరించడం, ఇల్లిల్లూ తిరగడం, అన్నీ నిమిషం తేడా రాకుండా జరగాలి ఆమెకు. అందరూ గడియారమక్క అనేవాళ్లు. ఆ పేరు విని ఆమె నొచ్చుకున్నదీ లేదు, మారిందీ లేదు.

తట్టిన తలుపుల్లో తెరుచుకునేవి తక్కువ. తమ బిల్డింగులోనే కింది వాటాలో ఒంటరిగా ఉండే రిటైరైన హెడ్‌మేడమ్ మొదటిరోజే తేల్చి చెప్పేసింది. "మీరు మంచి పిల్లలే, కాదనను. నాకు మాత్రం ఏమీ బోధించకండి." మళ్లీ ఆ తలుపు తట్టలేదు వీళ్లు.

ఇంటికి వారానికో ఉత్తరం రాసుకోవచ్చు. ఫోను మాత్రం క్రిస్మస్ రోజునే, అదీ ఒక్క గంట. ఆ గంట కోసం ప్లంబరు కూతురు ఎనిమిది నెలలు ఎదురుచూసింది. పండగనాడు ప్రార్థన ముగించుకుని గబగబా గదికొచ్చి, నీళ్ల సీసాకి ఫోను ఆనించి నిలబెట్టి, జుట్టు దువ్వుకుని కూర్చుంది. పదకొండుకి వాళ్లు చేస్తారు. ఇంకా పది నిమిషాలుందనగా ఎవరో తలుపు కొట్టారు.

చూస్తే హెడ్‌మేడమ్. మోకాళ్ల దాకా తడిసిపోయి ఉంది. "మీలో ఎవరికో కుళాయిల పని వచ్చని వాచ్‌మన్ చెప్పాడు. పండగపూట ఒక్క ప్లంబరూ ఫోనెత్తడం లేదమ్మా" అంది, అడగలేక అడుగుతున్నట్టు.

ప్లంబరు కూతురు రెంచీ, బ్లేడు, టేపు తీసుకుని దిగింది. వంటింట్లో నీళ్లు అడుగెత్తున ఎగజిమ్ముతున్నాయి. మెట్ల కింద వాల్వు కట్టేసింది. దాంతో బిల్డింగు మొత్తానికీ నీళ్లు ఆగిపోయాయి. వచ్చి చూస్తే కుళాయి విరిగి, దాని మర గోడలో గొట్టం వంపు తిరిగేచోట, ఎల్బోలోనే ఉండిపోయింది. ఎంత తిప్పినా కదల్లేదు. ఇలాంటిది నాన్న చేస్తుంటే చూసింది గానీ తను ఎప్పుడూ చెయ్యలేదు.

అంతలో గడియారమక్క ఫోను పట్టుకుని దిగింది. "పదకొండయింది. మీవాళ్లు."

తెరలో ఇంటిల్లిపాదీ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. "నాన్నకివ్వండి" అంది ఆమె.

అమ్మ కంగారుపడింది. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"నాకేం, బాగానే ఉన్నాను. మర విరిగి ఎల్బోలో ఇరుక్కుంది."

నాన్న అందర్నీ జరుపుకుంటూ ముందుకొచ్చి కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఇనప ఎల్బోనా?"

"ఇనపదే. పాతది."

"అయితే ఇంక తిప్పకు. లోపల గొట్టం విరిగితే గోడంతా తవ్వాలి. బ్లేడుకి ఒక కొసన గుడ్డ చుట్టి పట్టుకో. ఆ ముక్కలో ఒక గాడి కొయ్యి. ఎల్బో మరలు తెగకూడదు."

"ఎంతవరకు కొయ్యాలో ఎలా తెలుస్తుంది?"

"చేతికే తెలుస్తుంది. కుళాయి ముక్క ఇత్తడి, మెత్తగా తెగుతుంది. ఇనుము తగిలితే గరగరమంటుంది. అప్పుడాగు."

గడియారమక్క ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో టార్చి పట్టుకుని నిలబడింది. నలభై నిమిషాలు పట్టింది. "ఏడాదికో రోజు పిల్ల మొహం చూద్దామంటే గోడ చూపిస్తున్నారు" అని వెనకనుంచి అమ్మ సణుగుడు వినిపిస్తూనే ఉంది. గాడి తెగాక హెడ్‌మేడమ్ వెతికిచ్చిన స్క్రూడ్రైవరుతో ముక్కని లోపలికి మడిచి, మెల్లిగా తిప్పితే ఊడొచ్చింది. తమ వాటాలో బట్టలుతికే చోటి కుళాయి విప్పి, అక్కడి గొట్టానికి చెక్కబిరడా కొట్టొచ్చి, ఆ కుళాయికి టేపు చుట్టి ఇక్కడ బిగించి, వాల్వు తెరిచింది.

"కింద వేలు పెట్టి చూడు" అన్నాడు నాన్న.

"పొడిగానే ఉంది."

"ఊఁ" అన్నాడు. నాన్న మెచ్చుకోవడమంటే అంతే. అది ఆమెకు చాలు.

పన్నెండయింది. గడియారమక్క టైము చూసుకుంది. "కుళాయికి పోయిన టైము ఇంటి ఖాతాలోకి రాదు. అమ్మతో మాట్లాడుకో" అంది. హెడ్‌మేడమ్ పొడి తువ్వాలు ఇచ్చి, కుర్చీ జరిపి, తను పక్కగదిలోకి వెళ్లిపోయింది.

అమ్మ ముందు చేతులు చూపించమంది. దెబ్బలేం లేవని తేల్చుకున్నాక గొంతు తగ్గించి చెప్పింది. "మీ నాన్న నీ తర్వాత ఎవర్నీ పనికి తోడు పెట్టుకోలేదు. పెట్టుకోమంటే, వచ్చేస్తుందిగా అంటాడు."

ఆ మాటకి ఆమెకు ఏడుపొచ్చింది. ఇల్లు వదిలాక అదే మొదటిసారి. అమ్మ ఊరుకోమనలేదు, ఏడవనిచ్చింది. తర్వాత కూతురు అక్కడే మొహం కడుక్కుని, సాయంత్రం పాటల సాధనకి వేళకే వెళ్లింది.

హెడ్‌మేడమ్ ఎప్పుడూ ప్రార్థనకి రాలేదు. ఈస్టర్‌కల్లా వస్తుందని గడియారమక్క ఆశపడింది గానీ, రాలేదు. కాకపోతే దారిలో కనిపిస్తే లోపలికి పిలిచి టీ ఇచ్చేది. ఆ పిల్లల ఇళ్ల సంగతులన్నీ అడిగేది.

మిగిలిన పది నెలలూ గడిచి ప్లంబరు కూతురు ఇల్లు చేరింది. మర్నాడు పొద్దున ఏడింటికే నాన్న బండి బయటికి తీసి హారన్ కొట్టాడు. "ఒక్కరోజైనా పడుకోనివ్వరా పిల్లని" అని అమ్మ గుమ్మంలో నిలబడి గొణుగుతుంటే, ఆమె జుట్టు ముడేసుకుంటూ వెళ్లి వెనకాల ఎక్కి కూర్చుంది.