జానెడాకు మీద అవధానులుగారి పద్యం

నిన్న మా మనవరాలు కాటుక కోసం ఆముదంలో మసి కలుపుతోంది. ఆ వాసన తగిలేసరికి చేతిలో పని పక్కన పెట్టేశాను. నా కుర్రతనంలో పలివెలలో సుబ్బావధానులుగారి అరుగంతా అదే వాసన.

ఆయన ఒక పురాణాన్ని పరిష్కరిస్తుండేవారు. ఊళ్లూళ్ల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, పోల్చి, తప్పులు దిద్ది, చెన్నపట్నం అచ్చుకూటానికి పంపాలి. కళ్లకు పొరలు కమ్ముతున్నాయి; ఎండ ఉన్నంతసేపే అక్షరం ఆనేది. చూపు పోయేలోగా ముగించాలని ఆయన ఆరాటం. సరిగ్గా ఆ వేళకే నేనూ, నా స్నేహితుడు వెంకన్నా మా పద్యాలు పట్టుకుని దిగేవాళ్లం. ఆయన పెట్టిన కొబ్బరీ బెల్లమూ నములుతూ పొద్దుగూకేదాకా వాదించేవాళ్లం. సిగ్గన్నది ఉంటేనా!

ఒకనాడు ఆయన లోపలికి వెళ్లినప్పుడు పీట కింద జానెడు తాటాకుముక్క కనిపించింది. గంటంతో గీసిన అక్షరాలు ఆముదంలో కలిపిన మసి రుద్దితేగాని తేలవు. రుద్దాను.

"పగలు వచ్చి కుర్రవాండ్రు నా వెలుతురు
మెక్కిపోదురయ్యొ! మిగుల దింత"

ఒళ్లు మండిపోయింది. పొమ్మంటే పోమా? ఆకు మొలలో దోపుకుని వచ్చేశాను. కోపం దిగాక సిగ్గేసింది. ఆయన రాసింది నిజమే కదా! పని ముగిసేదాకా ఆ గడప తొక్కకూడదని ఇద్దరం ఒట్టేసుకున్నాం. ఆటవెలదికి నాలుగు పాదాలుండాలని ఆ ఇద్దరు మహాకవుల్లో ఒక్కడికీ తోచలేదు.

రెండు నెలలకు, ఆకు తిరిగి ఇద్దామని నేనొక్కణ్నే వెళ్లాను. ఆయన అరుగు మీదే ఉన్నారు.

"ఎవరది?"

"నేనండి, కామేశాన్ని. మీ పని చెడుతోందని రాలేదండి. పద్యం చూసేనండి."

"రెండోవైపు చూసేవా?"

ఆకు తిప్పి మసి రుద్దాను.

"చదువు. ఇప్పుడు నాకు ఆనటం లేదోయ్."

"వారు రాని నాడు వాకిలి చూచుచు
మిగులు వెలుగుతోడ మిన్నకుందు"

చదవడం ముగించి ఆకు ఆయన చేతిలో పెట్టాను. "పురాణం అయిందాండి?" అన్నాను ఎలాగో.

"ఎక్కడ! మీరొస్తారేమోనని ఇటే చూస్తూ కూచున్నాను" అన్నారాయన. మాటలో కోపం లేదు.

మర్నాటి నుంచి మేమిద్దరం ప్రతులు చదివితే, ఆయన విని దిద్దేవారు. పురాణం అచ్చయింది. ఇప్పటికీ ఏ కుర్రాడైనా పద్యం పట్టుకుని వస్తే నా పని ఆపేస్తాను. అది మంచితనం కాదు, భయం. అవధానులుగారికి చూపున్న ఆఖరి రెండు నెలల్లో మా మొహాలు ఆయనకు కనబడలేదు. అదే మర్యాద అనుకున్నాం మేము.