శుద్ధ క్రయమా, గుత్తా?

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. అరుగు మీద ఎండ దిగిపోయింది. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, నాకేం అడ్డం కాదు. మా కోడలు ఒక కాగితం మీద సంతకం పెట్టడానికి పదిరోజులు తీసుకున్న సంగతి చెబుతాను.

మా కోడలు అనంతపురంలో కాలేజీ పాఠాలు చెబుతుంది. రోజూ పామిడి నుంచి బస్సులో పోయి వస్తుంది. పుట్టింది గుమ్మఘట్ట పక్క, కర్ణాటక సరిహద్దులో, కోపం వస్తే కన్నడంలోకి దిగుతుంది. పోయినేడు ఆమెకు విత్తనాల పిచ్చి పట్టింది. మా వీధి ఆడవాళ్ళం విత్తనాలు ఎట్లా దాచుకుంటామో అంతా అడిగి రాసుకుంది. అలసందలకు బూడిద ఎంత కలపాలి, కందులకు ఎర్రమన్ను ఎట్లా పట్టించాలి, కుండ మూతి దేనితో మెత్తాలి, అన్నీ. అందరికంటే ఎక్కువ చెప్పింది పక్కింటి మా వదిన. వరసకు వదినే గానీ వయసుకు మా అమ్మంత ఉంటుంది.

వదిన ఊరికే చెప్పలేదు, మాట తీసుకుని చెప్పింది.

"ఏమ్మే మేడమ్మా, నా నోట్లోదంతా రాసుకుంటాండావు గదా. అంతా అయినాక మన మాటల్లో రాసి నా చేతికియ్యాల. మనవరాలు చదివితే ఇంటా. మా పుట్టింటోళ్ళకు గూడా చూపిచ్చుకుంటా."

"ఇస్తానవ్వా, ఒట్టు" అంది కోడలు.

ముందు ఇంగ్లీషులో రాసి ఒక పెద్ద పత్రికకు పంపింది. మనం బస్సులో చదువుకునే వారపత్రిక కాదు, పెద్ద చదువుల వాళ్ళు పెద్ద చదువుల వాళ్ళ కోసం వేసుకునేది. వాళ్ళు ఇది మార్చు, అది దిద్దు అని తిప్పి తిప్పి చివరికి వేస్తామన్నారు. ఆ రోజు నేను ఓళిగలు, అదే బొబ్బట్లు, చేశాను. మర్నాడు పొద్దున కోడలు ఫోను చూస్తూ అరుగు మీద కూలబడింది.

"ఏమైంది మ్మే?"

"కాపీరైట్ కాయితం వచ్చిందత్తా. సంతకం పెడితేనే అచ్చేస్తారంట."

నాకు అర్థమైందనే అనుకున్నాను. నేను చదివింది మూడో తరగతి. పక్కపిల్ల పలకలో చూసి రాసినందుకు అయ్యవారు చెయ్యి వాచేలా కొట్టినాడు. ఇప్పుడు కాపీ రైటే అంటున్నారంటే లోకం మంచిబడినట్టే కదా!

"మంచిదే గదమ్మే! ఎవురైనా కాపీ కొట్టుకోండి, రైట్ రైట్ అని కండక్టర్ మాదిరి ఈల ఊదేసినారు. దానికి యాల నీరసం?"

కోడలికి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాగలేదు. "ఉల్టా అత్తా! కాపీలు తీసే హక్కు అని దానర్థం. ఆ హక్కు ఇంగ నాది గాదు, వాళ్ళదని రాసియ్యాల."

"రాసింది నువ్వే గదా?"

"నేనే. పేరు నాదే ఉంటాది. హక్కు వాళ్ళది."

నాకు తెలిసిన కాగితాలు రెండే. చేను అమ్మేస్తే రాసేది ఒకటి, గుత్తకిస్తే రాసేది ఒకటి. గుత్తకిచ్చిన చేను గడువు దాకా వాళ్ళు దున్నుకుంటారు, చేను మాత్రం మనదే. శుద్ధ క్రయం రాసిచ్చామా, ఆ చేలో రాలిన కాయ ఏరుకోవాలన్నా ఒకరిని అడగాలి. అందుకని అడిగాను.

"ఇది శుద్ధ క్రయమా, గుత్తా?"

కోడలి నవ్వు ఆగిపోయింది. ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని మొదటి నుంచి మళ్ళీ చదివింది.

"శుద్ధ క్రయమే అత్తా. అచ్చేసేది, పంచేది, ఇంగొక బాసలోకి మార్చేది, అన్నీ వాళ్ళవే."

"బాస అంటే? తెలుగు గూడానా?"

"తెలుగు గూడా."

"మరి వదినకిచ్చిన మాట?"

ఇంగ తెలుగులో రాసియ్యడం కుదరదంది కోడలు. ఇంగ్లీషుదైనా వదిన మనవరాలికి చూపిద్దామంటే దానికీ తాళమేనట. డబ్బు కట్టే కాలేజీలకే తెరుచుకుంటుందట. తాళం లేకుండా పెట్టాలంటే రాసినవాళ్ళే కట్టాలట.

"రాసినోళ్ళకు వాళ్ళియ్యరా?"

"ఇయ్యరత్తా. మనమే దుడ్లు ఇయ్యాల."

"ఏం యాపారమప్పా ఇది! కాయలు మనవి, బండి మనది, మండీకి తోలినందుకు మళ్ళా మనమే ఇయ్యాల్నా?"

కాలేజీలో పెద్ద మేడమ్‌ను అడిగితే, "అందరం పెడతాము, చదివితే పెట్టలేవు, పెట్టెయ్" అందట. అచ్చు కాకపోతే మా కోడలికి ఉద్యోగంలో పై మెట్టు రాదు. పెడితే వదినకిచ్చిన మాట పోతుంది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"గుత్తకైతే ఇస్తాము, క్రయానికి గాదని ఆ పత్రికోళ్ళకే రాయి" అన్నాను.

"అట్లా ఎవురూ అడగరత్తా."

"మన చేను అడగను వచ్చినోనికి మీ మామ అట్లనే చెప్పినాడు. వాడేమన్నా కొట్టినాడా?"

మర్నాడు కాలేజీ లైబ్రరీ ఆయన్ను అడిగింది. ఆయన కుర్చీ లాగి కూర్చోబెట్టి, "అడగొచ్చమ్మా, కొందరు ఒప్పుకుంటారు. రాతలో అడుగు" అని దారి చెప్పినాడట. నేను శెనక్కాయలు ఒలుస్తూ ఉంటే కోడలు పక్కన కూర్చుని జాబు రాసింది. మొదట అచ్చేసుకునే హక్కు మీది. కాపీరైట్ నాది. నా చివరి రాతప్రతిని మా కాలేజీ వెబ్‌సైటులో తాళం లేకుండా పెట్టుకుంటాను. తెలుగు నాది. అంతే రాసి, కళ్ళు మూసుకుని పంపింది.

వారం రోజులు జవాబు లేదు. ఈ గొడవేమీ తెలియని వదిన రోజూ గోడ మీదుగా తల పెట్టేది.

"ఏమ్మే మేడమ్మా, ఇంగా ఆరలేదా నీ సిరా?"

ఒక సాయంత్రం బస్టాండు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది కోడలు. చెప్పు ఒకటి తెగి చేతిలో ఉంది.

"గుత్తకే అత్తా! గుత్తకే ఒప్పుకున్నారు!"

వాళ్ళు అచ్చువేసిన పేజీలు మాత్రం వెబ్‌సైటులో పెట్టకూడదట, వాళ్ళ పత్రిక పేరు చెప్పాలట. మిగతాదంతా సరే అన్నారట. కొత్త కాగితం పంపినారు. దాన్ని రెండుసార్లు చదివి నా ముందే సంతకం పెట్టింది.

అచ్చయిన నెలలోనే తెలుగులో రాసి ముగించింది. ఆదివారం పొద్దున వదిన ఇంట్లో వీధి ఆడవాళ్ళమంతా చేరాం. మనవరాలు పెద్దగా చదువుతోంది. కుండల సంగతి దగ్గరికి రాగానే వదిన చెయ్యెత్తింది.

"ఆగు. యాపాకు అని రాసినావా? కానుగాకు అంటి గదా నేను!"

కోడలు నాలుక్కరుచుకుంది. ఇంగ్లీషులో సరిగ్గానే ఉందట, తెలుగులో పెట్టేటప్పుడు చెయ్యి తప్పింది. "ఇంత చదివినా ఆకు తెలీలేదే" అని ఒకామె అంటే ఇల్లంతా నవ్వులు. కోడలు అక్కడికక్కడే కొట్టేసి కానుగాకు అని దిద్దింది.

చివర్లో మాకందరికీ దండం పెడుతూ మా పేర్లు రాసింది. వదిన తన పేరు చూపించమని, దాని మీద వేలు పెట్టి లెక్క మొదలుపెట్టింది.

"మా పుట్టింటికి ఒకటి, మా చెల్లెలికి ఒకటి, కూతురికి ఒకటి. ఇన్ని తీసుకుంటే ఎవుర్నన్నా అడగాల్నా మేడమ్మా?"

"ఎవుర్నీ అడగబల్లేదవ్వా. నీకెన్ని కావాలంటే అన్ని."

విన్నారు కదా, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పెద్దవాళ్ళ మాట వినే చెవులు మీ గడపలో ఎప్పుడూ ఉండాలి. మీ పిల్లలు రాసింది పదిమంది కళ్ళకూ అందాలి. అదునుకు వాన మొదట మీ చేలోనే కురవాలి.