సున్నం వెయ్యకూడని రోజు

గుంటూరు శివారులోని మా కాలనీలో జానీబీ నోటికి ఎదురు లేదు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లందరికీ ఆమే పెద్దదిక్కు. అలాంటి మనిషి పరువు ఒక పూట ఎలా పోయిందో చెబుతాను, ఆమె తిట్టినా సరే.

ప్రభుత్వం కట్టించిన మా ఇళ్లలో వాన లోపలే కురిసేది. జానీబీ వానపడిన ప్రతి రాత్రీ బేసిన్లు మార్చుకుంటూ కూర్చునేది. మరమ్మతులకు అర్జీ పెడితే ఇంజనీరు గారు చూడటానికి వచ్చేవారు. అంత పెద్దమనిషి వస్తుంటే ఇల్లు అలా వదిలేస్తామా? ముందురోజే పగుళ్లకు సిమెంటు పామి, గోడలకు సున్నం కొట్టి, బేసిన్లు మంచం కింద తోసేవాళ్లం. ఆయన టీ తాగి, "బాగానే ఉన్నాయే!" అని రాసుకుని వెళ్లేవారు. పరువు దక్కేది, కప్పు మాత్రం అలాగే కారేది.

రెండువేల ఒకటి వానాకాలంలో జానీబీ పక్కింటావిడ రాజ్యం మనవడి ఉయ్యాల పక్కనే ఇటుకంత పెచ్చు ఊడిపడింది. మర్నాడు జానీబీ మళ్లీ అర్జీ పెట్టించి, అందరినీ కుళాయి దగ్గర పోగేసింది.

"ఈసారి ఎవరూ సున్నం ముట్టుకోవద్దు. బేసిన్లు ఎక్కడివక్కడే ఉండాలి."

"పరాయి మగాడి ముందు పరువు పోదూ?" అంది రాజ్యం.

"ఆ పెచ్చు పిల్లాడి నెత్తిన పడితే పరువుతో కట్టు కడతావా, వదినా?"

ఎవరి మీదా నమ్మకం లేక, ఇంటింటికీ తిరిగి సున్నం కుంచెలన్నీ లాక్కెళ్లి తన ఇంట్లో పెట్టుకుంది.

ఇంజనీరు గారు వచ్చారు. అర్జీలో మొదటి పేరు జానీబీది, కాబట్టి ముందు ఆమె ఇంటికే వెళ్లారు. వెనకే మేమంతా. లోపలికి తొంగిచూస్తే ఏముంది, ఇల్లు పెళ్లిల్లులా తెల్లగా మెరిసిపోతోంది! సున్నం ఇంకా తడి ఆరలేదు.

"ఏవమ్మోయ్! కుంచెలు లాక్కుపోయింది ఇందుకా?" రాజ్యం కేక వేసింది.

"ఏం చెయ్యను వదినా, పొద్దున్నే లేచి ఆ మరకలు చూస్తే సిగ్గేసింది..." జానీబీ తల వంచుకుంది.

ఇంజనీరు గారు జానీబీ ఇచ్చిన టీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పెన్ను తీశారు. "బాగానే ఉందిగా."

ఆ మాటతో ఆమె మొహం మారిపోయింది. మూలనున్న రోకలి అందుకుని, "బాబుగారూ, కాస్త ఇటు జరగండి" అని కప్పును ఒక్క పోటు పొడిచింది. తెల్లటి పెచ్చు ధబ్బున పడింది. తుప్పుపట్టిన ఊచలు బయటపడ్డాయి. ఆయన చొక్కా, చేతిలోని టీ, మీసాలు అన్నీ సున్నమే.

"మిగతా ఇళ్లకు సున్నం లేదండీ, రండి" అంది జానీబీ, కొంగుతో ఆయన భుజం దులుపుతూ.

ఇక చూడండి మా వాళ్ల పోటీ! ఇన్నాళ్లూ దాచినవాళ్లే చెయ్యి పట్టుకు లాగినంత పని చేశారు. "మా పగులు చూడండయ్యా!" "అదేం పగులు, మాది చూడండి, పిల్లి దూరుతుంది!" ఆయన నవ్వు ఆపుకోలేక, ఒక్క ఇల్లూ వదలకుండా రాసుకున్నారు.

ఎండాకాలానికల్లా పాత కప్పులు కొట్టేసి కొత్త శ్లాబులు పోశారు. వాటిని నీళ్లతో తడిపే పని ఆడవాళ్లే వంతులేసుకుని చేశారు.

తొలివాన రాత్రంతా దంచికొట్టింది. మర్నాడు జానీబీ కోల్డ్ స్టోరేజీలో పనికి బారెడు పొద్దెక్కాక వచ్చింది.

"ఏమ్మా, ఎన్నడూ లేంది ఇంత ఆలస్యం?" అని మేస్త్రీ గదమాయించాడు.

"వానొచ్చిందయ్యా," అంది ఆవలిస్తూ, "నిద్రపట్టేసింది."