మూడు పిలుపుల తర్వాత గిటారు

మధ్యాహ్నం పన్నెండూ పదికి మా బావ ఆ క్యాసెట్టును టేపురికార్డరులో పెట్టి మీట నొక్కాడు. టైము ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, క్యాసెట్టు మీద అంటించిన కాగితంపై బావే రాసుకున్నాడు. తారీఖు రాయలేదు, టైము మాత్రం రాశాడు. (ఆ కాగితం ఇప్పుడు నా దగ్గరుంది. సిరా వెలిసింది గానీ చదవడానికి వస్తుంది.) ఆ రోజుల్లో, అంటే తొంభైలు ముగిసే ఆ రెండు మూడేళ్ళలో, అమలాపురంలో మనకి తెలియని పాట ఒకటి చేతికి రావాలంటే ఎవరో ఒక మనిషి దాన్ని మోసుకురావాలి. ఇప్పుడు కావలసిన పాట వెతుక్కుంటాం. అప్పుడు దొరికిన పాటనే కావలసిన పాట అనుకునేవాళ్ళం. మాకు దొరికింది ఇరవై రెండు నిమిషాల ఇంగ్లీషు పాట. పాడింది ఎవరో తెలియదు, పాట పేరు తెలియదు. ఆ రెండూ తెలియకపోవడమే దాని గొప్పతనం అని మాకు గట్టి నమ్మకం.

బావ మా మేనత్త కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద. వాళ్ళది ముక్తేశ్వరం రోడ్డులో కొబ్బరి డిపో. క్యాసెట్టు పంపింది బావకి సొంత బాబాయి. నాకు వరసకి మావయ్య అవ్వాలి గానీ, మస్కట్‌లో ఒక తెల్ల ఇంజనీరు దగ్గర డ్రైవరుగా ఉండేవాడు కనక ఊరందరికీ ఆయన మస్కట్ బాబాయే. క్యాసెట్టుతో పాటు ఉత్తరం ముక్క ఒకటి వచ్చింది. "మా దొర కుర్రతనంలో దీనికోసం ప్రాణం పెట్టేవోడంట. డెబ్బైల నాటిదంట. ప్రోగ్రెసివ్ రాక్ అంటారంట. రికార్డూ, అది తిరిగే మిషనూ ఒక్కరోజుకి ఇచ్చేడు. నా గదిలో పెట్టుకుని, టేపు ఎదురుగా ఉంచి ఎక్కించేను. పేరు రాద్దామనుకుని మర్చిపోయేను." ఈ ఉత్తరంలో మాకు జరగబోయేదంతా ఉంది. మేము ఇద్దరమూ చదువుకున్నవాళ్ళమే. అయినా చదవలేదు.

ఆ సంగీతం ఎలా ఉంటుందో తెలియనివారికి చెప్పాలంటే, ఒక పాట లోపల నాలుగైదు పాటలుంటాయి. తాళం దారిలో మారిపోతుంది. పాడేవాడు కాసేపు పాడి ఎటో వెళ్ళిపోతాడు, ఆర్గన్ వాయించేవాడు చాలాసేపు ఉండిపోతాడు. మాకు వచ్చిన పాటలో తొమ్మిదో నిమిషం దగ్గర వాయిద్యాలన్నీ మెత్తబడిపోయేవి. అప్పుడు ఎక్కడో దూరం నుంచి సన్నగా మొదలై లావై మళ్ళీ సన్నబడే ఒక ఊళ వచ్చేది. కొంచెం ఆగి మళ్ళీ. ఇంకొంచెం ఆగి మళ్ళీ. ఆ మూడింటి తర్వాత గిటారు ఒక్కటే అందుకునేది. బావ వాటికి "పిలుపులు" అని పేరు పెట్టాడు. "ఒంటరోడురా వాడు. మూడుసార్లు పిలిచేడు. ఎవరూ పలకలేదు. అప్పుడు గిటారు పలికింది," అన్నాడు. నేను ఆ మాటను విస్తరించి నోటుబుక్కులో నాలుగు పేజీల వ్యాసం రాశాను. (అందులో "ఆధునిక మానవుడు" అనే మాట ఏడుసార్లు వచ్చింది. అప్పటికి నేను అమలాపురం బస్టాండు దాటి చూసిన మానవులు తక్కువ.)

విన్నాక ఊరుకుంటే బాగుండేది. బృందం పెట్టాం. బావ గిటారు. నేను బేసు గిటారు, నాలుగు తీగలే కదా సులువనుకుని. నేను అప్పుడే లెక్కల మాస్టారుగా చేరిన ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పే టీచరుగారు ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవారు. మా నలుగురిలో సంగీతం కాగితం మీద చదవగలిగింది ఆవిడొక్కరే. కీబోర్డు చర్చిది కనక శనివారం సాయంత్రానికి వెనక్కి చేరాలని పాస్టరుగారి షరతు. డ్రమ్ములకి పెళ్ళిళ్ళ బ్యాండులో వాయించే ఒక పెద్దాయన్ని బతిమాలి తెచ్చాం. ఆయన్ని మేస్త్రిగారు అనేవాళ్ళం. ఆ పాటలో తాళం ఏడు దెబ్బలకి తిరుగుతుందని మేము మూడు వారాలు లెక్కపెట్టి కనిపెట్టి, ఆయన బెదిరిపోతాడేమో అని మెల్లిగా చెప్పాం. ఆయన విని, "ఏడేనాండీ? మన గోతుల రోడ్డు మీద ఊరేగింపులో నడుస్తూ కొడితే ఎవడికైనా ఏడే వస్తాదండి," అన్నాడు.

మొదట్లో బావ పట్టుదల ఒక్కటే. క్యాసెట్టులో ఎలా ఉంటే అలా రావాలి, ఒక్క దెబ్బ అటూ ఇటూ కాకూడదు. టీచరుగారికి ఇది నచ్చేది కాదు. "ప్రోగ్రెసివ్ అంటే ముందుకి పోయేదంటున్నారు. మనం పాతికేళ్ళు వెనక్కి పోతన్నాం కదండీ," అనేవారు. బావ ఒప్పుకునేవాడు కాదు. "ముందు వాళ్ళంతటోళ్ళం అవ్వాలి కదండీ, తర్వాత ముందుకెళ్దాం." "వాళ్ళు ఎవర్నీ చూసి రాయలేదు కదాండీ, మరి వాళ్ళంతటోళ్ళం ఎలాగవుతాం?" ఇలా రోజూ అరగంట వాదన, అరగంట సాధన. మేస్త్రిగారు రెండు అరగంటలూ బీడీ కాల్చుకునేవాడు.

వాదన తేల్చింది మా మావయ్య, అంటే బావ నాన్నగారు. డిపోలో కూర్చోవలసిన కొడుకు ఇంట్లో తలుపులేసుకుని రోజంతా ఒకే పాట వినడం ఆయన రెండేళ్ళు ఓర్చుకున్నారు. ఒకరోజు భోజనాల దగ్గర అడిగారు. "ఒరే, నువ్వు వాయించేదంతా ఎవరిదో అంటున్నావు. ఇది నాది అని చెప్పుకోడానికి నీకొక్కటుందా?" బావ ఇంకో ముద్ద కలిపాడు. "సరే. ఎవరో ఒక పెద్దమనిషి, సంగీతం తెలిసినోడు, ఇది మీవోడిదేనండీ అని నా ఎదురుగా అంటే నేనింక నోరెత్తను. లేదంటే డిపోకి వచ్చెయ్." మా అత్త, "అన్నం దగ్గరా ఈ పంచాయితీ?" అంది గానీ, మాట అప్పటికే అయిపోయింది.

ఆ నెలలోనే కాకినాడలో ఒక కాలేజీవాళ్ళు పోటీ పెట్టారు. సొంతంగా కట్టినదే వాయించాలని నియమం. బావ పది రోజులు గదిలోంచి బయటికి రాకుండా పద్దెనిమిది నిమిషాల సొంత పాట కట్టాడు. మేమంతా చెవులప్పగించి విన్నాం. వాళ్ళది ఆర్గన్‌తో మొదలైతే మాది గిటారుతో మొదలైంది. వాళ్ళకి ఏడు దెబ్బల తాళమైతే మాకూ ఏడే, కాకపోతే కొంచెం వేగం. వాళ్ళకి మూడు పిలుపులు తొమ్మిదో నిమిషంలో వస్తే మాకు పదో నిమిషంలో వచ్చాయి. టీచరుగారు అంతా విని, "ఆ ఒక్క నిమిషమేనా అండీ మన సొంతం?" అన్నారు. పిలుపులైనా తీసేద్దామన్నారు. బావ వినలేదు. "అవి లేకపోతే పాటే లేదండి." చివరికి ఆవిడే కీబోర్డులో పిల్లనగ్రోవి శబ్దం పెట్టి, కిందికి దించి, సాగదీసి, క్యాసెట్టులో ఉన్న ఊళను అచ్చంగా తెచ్చారు.

డ్రమ్ములూ కీబోర్డూ పంటు పడవ మీద ఎక్కించి ఏటికి అడ్డం పడి, యానాం మీదుగా కాకినాడ చేరాం. మావయ్య ఇస్త్రీ చొక్కాతో వచ్చారు. సెలవు మీద వచ్చిన మస్కట్ బాబాయి కూడా వచ్చాడు. ఇద్దరూ నాలుగో వరసలో కూర్చున్నారు. మేము తప్పు లేకుండా వాయించాం. నేను రెండు చోట్ల తప్పాను గానీ, బేసు గిటారు తప్పితే ఎవరికీ తెలియదని ఆరోజే తెలుసుకున్నాను.

తీర్పు చెప్పవలసినాయన విశాఖ నుంచి వచ్చారు. నెరిసిన జుట్టు పిలక కట్టుకుని ఉన్నారు. మైకు దగ్గరికి వచ్చి మెల్లిగా మాట్లాడారు. "బాబూ, శుభ్రంగా వాయించేరు. కానీ ఇది మీరు పుట్టకముందు మేం హోటళ్ళలో వాయించిన సంగీతం. పాతదాన్ని ప్రేమించడం తప్పు కాదు. నేనూ ప్రేమించేను. ఇందులో మీరెక్కడున్నారో నాకు కనపడలేదు." మావయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నారు. తీర్పు చెప్పేవారు మళ్ళీ అన్నారు. "ఒక్కటి అడగాలి. మధ్యలో మూడుసార్లు ఒక ఊళ వచ్చింది, ఆ తర్వాత గిటారు అందుకుంది. అలాంటిది మాత్రం నేనెక్కడా వినలేదు. అది మీదేనా?"

అవునని బావ ఒక్క 'ఆయ్' అంటే చాలు. పెద్దమనిషి ఉన్నాడు, సంగీతం తెలిసినవాడు, నాన్న ఎదురుగా ఉన్నారు. బావ నాలుగో వరస వైపు చూశాడు. గిటారు పట్టీ సర్దుకున్నాడు. "కాదండి. అది కూడా క్యాసెట్టులోదేనండి," అన్నాడు.

అప్పుడు లేచాడు మస్కట్ బాబాయి. "ఆగండాగండి! అది క్యాసెట్టులో వాళ్ళది కాదండీ! నా కుక్కరండీ అది! ఆవేళ పప్పు పెట్టేను!"

రెండు మూడు క్షణాలు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హాలంతా ఎలా నవ్విందో నేను రాయను. మా టేపురికార్డరు బెల్టు సాగిపోయి క్యాసెట్టును నిదానంగా తిప్పేది. అందుకని కుక్కరు కూత మాకు ఆధునిక మానవుడి ఆక్రందనలా వినపడింది. మా అత్త ఇత్తడి గిన్నెలో వార్చిన అన్నమే అన్నమని కుక్కరును ఇంట్లోకి రానివ్వలేదు కనక పోల్చుకునే వీలు కూడా లేకపోయింది. నా విషయం వేరు. మా ఇంట్లో కుక్కరు రోజూ కూసేది. నేను ఆ పక్కనే కూర్చుని వ్యాసం రాశాను. తీర్పు చెప్పినాయన కళ్ళు తుడుచుకుంటూ, "అయితే మీ దగ్గర మీదంటూ ఒక కుక్కరుంది. తక్కువేం కాదు," అన్నారు. బహుమతి మాత్రం ఇంకెవరికో ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు పంటు మీద మావయ్య ఒక్క మాటే అన్నారు. "సోమవారం నుంచి డిపోకి." బావ తలూపాడు. వెళ్ళాడు కూడా. పది రోజులు కాయల కుప్పల మధ్య కూర్చున్నాడు. నేను స్కూలు అయ్యాక వెళ్ళి పక్కన కూర్చునేవాణ్ణి. పదకొండో రోజు బాబాయి వచ్చాడు.

"ఏరా, నామీద కోపమా?"

"లేదు బాబాయ్. మూడు కూతలకే ఎందుకాపేవు?"

"ఒక్కడికే కదరా. ఒక్కడి పప్పుకి మూడు చాలు. స్టవ్ కట్టేసి వచ్చి కూర్చుని మిగతాది విన్నాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గదిలో ఏదో చప్పుడు ఉంది కదా అని అయిపోయేదాకా ఊరుకున్నాను."

"ఎన్నేళ్ళు వండుకున్నావలాగ?"

"పదకొండు."

నేను నా నాలుగు పేజీల వ్యాసం గురించి ఆలోచించాను. అందులో ఒక్క వాక్యం నిజం, అది బావ చెప్పింది. తర్వాత బావ లేచి బట్టలు దులుపుకుని, "ఆ కుక్కరు ఇంకా ఉందా?" అని అడిగాడు. ఉంది. ఈసారి సెలవుకి బాబాయి పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్నాడు, అలవాటైపోయిందని.

కొత్త పాట అసలు కుక్కరుతోనే కట్టాడు. పగలు డిపో, సాయంత్రం పాట. మేస్త్రిగారికి మొదటిసారి చిక్కొచ్చింది. "దానికి తాళం ఉండదు కదండీ. అదెప్పుడు కూస్తే అప్పుడే." అదే పాటకి నియమమైంది. కూత వచ్చేదాకా వాయించాలి, మూడో కూత తర్వాత ఆగాలి, అప్పుడు గిటారు. ఏ రోజు ఎంతసేపు అవుతుందో ఎవరికీ తెలియదు. మొదటి సాధనలో రబ్బరు వదులై అసలు కూయనేలేదు. నలభై నిమిషాలు వాయించాం. టీచరుగారు ఆపి, "ఇది మాత్రం ఎవరూ చేసి ఉండరండి," అన్నారు.

ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక పాస్టరుగారి అనుమతితో కీబోర్డు తెచ్చుకుని, డిపోలోనే వాయించాం. విన్నది మావయ్య, అత్త, బాబాయి, కాయలు వలిచేవాళ్ళు ఆరుగురు. రెండు కూతలు వచ్చాయి. మూడోది ఎంతకీ రాలేదు. అత్త ఉండబట్టలేక "మాడిపోద్దిరా!" అంది. అప్పుడు వచ్చింది. అందరం ఆగాం. ఆ ఆగినప్పుడు బాబాయి స్టవ్ కట్టెయ్యడానికి లేవబోయి, సగం లేచి, చుట్టూ ఇంతమంది ఉన్నారని చూసుకుని మళ్ళీ కూర్చున్నాడు. బావ గిటారు అందుకున్నాడు.

అయిపోయాక మావయ్య గొంతు సవరించుకున్నారు. "నా జన్మలో ఇలాంటిది వినలేదు. ఇలాంటి బుద్ధి నీకు తప్ప ఇంకెవడికీ పుట్టదు."

టీచరుగారు వెంటనే పట్టుకున్నారు. "అంటే, ఇది ఆయనదేనంటారా అండీ?"

మావయ్య ఆవిడ వైపు చూశారు, కొడుకు వైపు చూశారు, కుక్కరు వైపు చూశారు. తన షరతు గుర్తొచ్చినట్టుంది. "ఆయ్. ఆడిదే. ఇంకెవడిదవుద్ది?" అన్నారు. పప్పు అందరం తిన్నాం. కొంచెం మాడింది.

బృందం రెండేళ్ళకే విడిపోయింది. బావ మాత్రం మాననేలేదు. డిపో పైన గది వేసుకుని చివరిదాకా పిల్లలకి గిటారు నేర్పాడు. ఎవరి పాటైనా వాయించనిచ్చేవాడు, వాళ్ళ ఇంట్లో వినపడే చప్పుడు ఒకటి అందులో కలపమనేవాడు. ఇప్పటి కుర్రవాళ్ళు కట్టే ఇలాంటి సంగీతాన్ని నేనింకా వింటాను. పాత ఆర్గన్ మోతే మళ్ళీ తెస్తున్నారని, కొత్తదేమీ లేదని కొందరు విసుక్కుంటారు. నాకు విసుగు రాదు. తొమ్మిదో నిమిషం దాకా ఓపిక పడతాను. ఏదో ఒకచోట వాళ్ళ కుక్కరు కూస్తుందని నా ఆశ. చాలాసార్లు కూస్తుంది కూడా.

ఆ ఆదివారం తర్వాత అత్త కుక్కరును వంటింట్లోకి రానిచ్చింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక అలవాటు ఉండేది. మూడో కూత వినపడగానే ఎవరు ఏం మాట్లాడుతున్నా ఆగేవాళ్ళు. బావ ఏ గదిలో ఉన్నా గిటారు మీద నాలుగు స్వరాలు వేసేవాడు. తర్వాత మాటలు మళ్ళీ మొదలయ్యేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు బిత్తరపోయేవారు. నేను ఎప్పుడైనా మా ఇంట్లో కూడా అలాగే ఆగిపోయి, మా ఆవిడ చూసే చూపుకి నాలో నేను నవ్వుకునేవాణ్ణి. బావ కిందటి వానాకాలంలో చనిపోయాడు. కుక్కరు అదే, రబ్బరు మార్చారు. మూడో కూతకి ఇప్పుడు ఎవరూ మాట ఆపడం లేదు.