నాలుగో వరుస మీద కుంకుమ

గద్వాలలో మేము పనిచేసే కేబుల్ ఛానల్ కంట్రోల్ రూములో ఒక నల్ల డబ్బా ఉంది. మూరెడు వెడల్పు, రెండు వేళ్ల ఎత్తు. దాని ముందు వైపు నాలుగు బొత్తాలు, ఒక్కో బొత్తం పక్కన శబ్దాన్ని బట్టి ఎగిరే పచ్చ లైట్ల వరుస, చివర ఒక చిన్న స్పీకరు, నాబ్. ఒకటో బొత్తం నొక్కితే బయటి మైకు నుంచి మాకు వచ్చే శబ్దం వినిపిస్తుంది. నాలుగోది నొక్కితే ఇక్కడి నుంచి ఇళ్లకు పోయే శబ్దం. నాబ్ తిప్పితే మారేది ఈ స్పీకరే, ఇళ్లలో ఏమీ మారదు. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి మా ఆఫీసులో సాయన్న ఒక్కడికే బుర్రకెక్కింది.

సాయన్న ముప్పై ఏళ్లు చీరలు నేశాడు. మోకాళ్లు పోయి మగ్గం గుంట దిగలేక ఇక్కడ చేరాడు. అరగంటకోసారి నాలుగు బొత్తాలూ వరుసగా నొక్కి, కళ్లు మూసుకుని వినేవాడు. డిగ్రీ సగంలో వదిలేసి, తెర మీద ఏ కెమెరా బొమ్మ పోవాలో మార్చే పనిలో చేరిన నాకు, ఆ గదిలో పని చేస్తున్న మనిషిలా కనిపించింది ఆయనే.

యజమాని మాలతి మేడం తమ్ముడు రంజిత్ మా టెక్నికల్ హెడ్. దసరాకు మిషన్లన్నిటికీ బొట్లు పెడుతూ, సరిగ్గా నాలుగో వరుస లైట్ల మీద తడి కుంకుమ మెత్తాడు. సాయన్న తుడవబోయాడు.

"ఓ సాయన్నా, పూజల పెట్టిన బొట్టు తుడుస్తవా?"

"లైట్లు కానొస్తలేవు సారూ. జర పక్కకు పెట్టుండ్రి."

"దేవునికి జాగ నువ్వు చూపిస్తవా?" అని రంజిత్ ఇంకో పొర మెత్తాడు. డిసెంబరు దాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

డిసెంబరులో మల్దకల్ స్వామి కల్యాణం లైవ్ ఇచ్చాం. రంజిత్ నలుగురు దోస్తులను తెచ్చి, సాయన్నను లేపి ఆ కుర్చీలో తాను కూర్చున్నాడు. ఒకటో బొత్తం నొక్కి నాబ్ పెంచాడు. గది నిండా మంత్రాలు. నాలుగో వరుస లైట్లు వెలుగుతున్నాయో లేదో కుంకుమ కింద కనపడలేదు. పది నిమిషాలకు ఫోన్లు మొదలయ్యాయి.

"బొమ్మ వస్తుంది గాని సప్పుడు లేదేందన్నా?"

"నాలుగోది నొక్కుండ్రి సారూ," అన్నాడు సాయన్న.

"చెవులు పోయినయా? గింత మంచిగ ఇనొస్తుంటే!" అంటూ రంజిత్ నాబ్‌ను చివరి దాకా తిప్పాడు.

సాయన్న చెయ్యి చాపి నాలుగోది నొక్కాడు. డబ్బా మూగబోయింది. రంజిత్ ఆ చెయ్యి తోసేసి మళ్లీ ఒకటోది నొక్కాడు. మంత్రాలు మోగాయి.

"సూసిండ్రా, ఈయన ముట్టుకుంటే బందైతది!"

దోస్తులు పడీ పడీ నవ్వారు. రంజిత్‌తో సహా వాళ్లంతా బిర్యానీకి పోయాక సాయన్న ఆ మోకాళ్లతోనే పాకి, మిషన్ల వెనక ఊడి ఉన్న, ఇళ్లకు శబ్దం పంపే వైరు బిగించాడు. ఒక్క నిమిషం పని. అప్పటికే తాళి కట్టడం అయిపోయింది. జనం దాన్ని మూగబొమ్మగా చూశారు.

మర్నాడు మేడం ఒక కాగితం ముందుకు తోసింది. సాయన్న నాబ్ తక్కువ పెట్టడం వల్ల ఇళ్లకు శబ్దం పోలేదని, క్షమించమని రాసుంది.

"సంతకం పెట్టు, నౌకరి ఉంటది. లేకుంటే ఇంటికి పో."

"తప్పు నాదని రాయుండ్రి మేడం, పెడత. నాబ్ వల్ల అని రాస్తే పెట్ట."

"రెంటికీ తేడా ఏంది?"

"రేపు నా కుర్చీల కూసునేటోడు గిది సదివి, నాబే తిప్పుకుంట కూసుంటడు. ఇండ్లకు సప్పుడు మళ్ల పోదు."

రంజిత్ పళ్లికిలించాడు. సాయన్న నా వైపు చూశాడు. నేను ఫోను చూసుకుంటున్నాను. అందులో ఏమీ లేదు, స్క్రీను కూడా వెలగలేదు.

ఆయన పెన్ను మూత బిగించి, కాగితం పక్కన పెట్టి, గోడ పట్టుకుంటూ మెట్లు దిగాడు.

"సాయన్న పని నువ్వు చేస్తవా?" అని మేడం నన్నడిగింది.

"చేస్త మేడం," అన్నాను. ఆయన ఇంకా మెట్ల మీదే ఉన్నాడు, వినే ఉంటాడు.