సత్తు తపేలాకి చెవులు కుట్టిన వైనం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. ఐటీఐ సర్టిఫికెట్టుకి ఇంకా మడతైనా పడలేదు, కాకినాడలో పడవలకి ఎలక్ట్రానిక్ సామాన్లు బిగించే షాపులో కొత్తగా చేరి మీసం దువ్వుకుంటున్న కాలమది. ఇప్పుడు ఆ కుర్రాడు కనిపిస్తే దగ్గరికి పిలిచి ఓ మొట్టికాయ వేసి, ఆ వెంటనే జాలేసి టీ ఇప్పిస్తాననుకుంటాను.

మా మేనమామది యానాం దగ్గర గోదారి ఒడ్డు. వేట తప్ప ఆయనకి వేరే లోకం లేదు. ఊళ్ళో అందరివీ ఫైబర్ పడవలైతే, ఆయన మాత్రం పట్టుబట్టి అల్యూమినియం పడవ చేయించి, దానికి తన కూతురి పేరు పెట్టుకున్నాడు. (ఊరు మాత్రం దానికి సత్తు తపేలా అని పేరు పెట్టింది. మా మరదలి ముందు ఆ పేరెత్తినవాళ్ళు రెండోసారి ఎత్తలేదు.) ఆ మరదల్ని నాకిమ్మని మా అమ్మ అడిగినప్పుడు మావయ్య, "ఇవ్వనని అన్నానా అక్కా? ముందు వాడి చేతిలో పనుందో లేదో చూడనీ" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన ఫిష్ ఫైండర్ కొని, బిగించే పని నాకు అప్పగించాడు. అంటే అవి నా పెళ్ళిచూపులు. పిల్ల కూర్చుని చూస్తుంది, నేను పని చేసి చూపించాలి.

ఆ యంత్రంలో తెర ఒకటి పడవ నడిపేవాడి ముందుంటుంది. నల్లటి చిన్న సెన్సార్ ఒకటి పడవ వెనక పలకకి, నీళ్ళలో మునిగేటట్టు బిగించాలి. అది నీళ్ళలోకి చప్పుడు పంపి, తిరిగొచ్చే చప్పుణ్ణి బట్టి కింద చేపలెక్కడున్నాయో తెర మీద చూపిస్తుంది. ఇదంతా వివరించి నేను డ్రిల్లు మిషను తీసేసరికి మావయ్య మొహం మాడిపోయింది.

"కొత్త పడవకి కన్నం పెడతావా? అదీ నా కూతురి పేరున్న పడవకి! కుదరదు గాక కుదరదు."

ఆయన్ని ఒప్పించడం నా వల్ల కాలేదు. ఆ ఇంట్లో ఆయన నోరు మూయించగలిగింది ఆయన తల్లి, అంటే మా అమ్మమ్మ ఒక్కతే. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"నీళ్ళలో చప్పుడు వింటుందే ఇది. పడవకి చెవి లాంటిదనుకో" అన్నాను.

"చెవా? ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదరా! ఆడపిల్లకి చెవులు కుట్టించమా ఏంటి? మంచిరోజు చూసి కుట్టిద్దాం."

నేను గెలిచాననుకున్నాను. కానీ అమ్మమ్మ సగం సగం పనులు చేసే మనిషి కాదు. ముహూర్తం పెట్టించింది. పడవ వెనక పలకకి పసుపు రాసి బొట్టు పెట్టింది. పిల్లకి చెవులు కుట్టేది మేనమామ ఒళ్ళో కాబట్టి, మండపేట రైసుమిల్లులో పనిచేసే మా అత్త తమ్ముణ్ణి పడవకి మేనమామగా పిలిపించింది. ఆయన కొత్త పంచె కట్టుకొచ్చి, ఇసుకలో పడవ వెనకాల మఠం వేసుకుని కూర్చుని, పలకని ఒళ్ళోకి ఆనించుకున్నాడు. (అల్యూమినియం పొట్టు ఆ పంచె మీదే రాలింది.) నేను కుడివైపు గుర్తు పెట్టుకుంటుంటే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆడపిల్లకి ముందు ఎడమ చెవి కుట్టాలి."

యంత్రంతో వచ్చిన పుస్తకంలో కుడివైపే బిగించమని ఉంది. మావయ్య ఇంజను ఫ్యాను నీళ్ళలో తిరిగేటప్పుడు ఎడమవైపు బుడగలు రేగుతాయి, సెన్సార్ వాటిలో చిక్కుకుంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. మా మరదలికీ తెలుసు, ముందురోజే ఆ పుస్తకం తిరగేసింది కాబట్టి. "బావా, కుడివైపని ఉంది కదా?" అని మెల్లగా అంది కూడా. కాబోయే అల్లుడి వినయం నన్ను ఆవహించింది. "పెద్దవాళ్ళ మాట" అని ఎడమవైపే కన్నాలు పెట్టేశాను.

పడవ కదలగానే తెర నిండా చేపలే. మావయ్య మొహం వెలిగిపోయింది. పడవ ఆపి వల వేస్తే ఒట్టి గుర్రపుడెక్క మొక్కలొచ్చాయి. పడవ కదిలితే మళ్ళీ చేపలు, ఆగితే మాయం. "మన వెనకాలే వస్తున్నాయిరా!" అని మావయ్య ఇంజను వేగం పెంచాడు. మధ్యాహ్నానికి ఆయనకే అనుమానం వచ్చింది.

"ఒరే, చేపలన్నీ నీ పెట్టెలోనే ఉన్నాయి. పులుసు కూడా దాన్నే పెట్టమను."

తెర మీదవి చేపలు కావు, ఎడమవైపు రేగే బుడగలని చెప్పి, కుడివైపుకి మార్చాలన్నాను. "ఇంకో కన్నం పెట్టావంటే పిల్ల మాట మర్చిపో" అన్నాడాయన. కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. అన్నం సయించలేదు. మా మరదలు మాత్రం ఎదురుగా కూర్చుని ఆ పుస్తకాన్ని చాలా శ్రద్ధగా, కుడివైపు బొమ్మ నాకు కనపడేటట్టు పట్టుకుని చదువుకుంది.

మర్నాడు పొద్దున్నే అమ్మమ్మ రేవుకి వచ్చి పడవని ఎగాదిగా చూసింది.

"ఏరా, ఒక్క చెవితో వదిలేశారేంటి పిల్లని? రెండోది కుట్టరా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

మావయ్య వెళ్ళి పడవని మళ్ళీ ఇసుక మీదకి లాగాడు. మండపేట ఆయన పంచె దులుపుకుని మళ్ళీ ఇసుకలో కూర్చున్నాడు. సెన్సార్ కుడివైపుకి మారింది. ఎడమవైపు కన్నాల గురించి నేను భయపడుతూ ఉండగానే, "కుట్టిన చెవి బోసిగా ఉంచకూడదు" అంది అమ్మమ్మ. రెండు స్టీలు బోల్టులకి జిగురు పూసి గట్టిగా బిగించేశాను. కమ్మల్లా మెరిశాయి, చుక్క నీరు రాలేదు. ఆ రోజు తెర మీద కనిపించినవి అసలు చేపలే. మొదటి వలలోనే పండుగప్ప పడింది. దాన్ని మావయ్య మా అమ్మకి పంపించాడు. కబురేమీ చెప్పలేదు, కానీ అమ్మకి అర్థమైంది.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. డ్రిల్లు పట్టుకున్న ప్రతిసారీ ఆవిడ గుర్తొస్తుంది. మొన్న మా అమ్మాయికి చెవులు కుట్టించాం. ముందు ఏ చెవండీ అని కంసాలి అడిగాడు. ఇన్నేళ్ళుగా పడవల వెనక అలవాటైపోయిన నోరు కదా, ఠక్కున "కుడి" అనేశాను.

మా ఆవిడ, అంటే అప్పుడు పుస్తకం పట్టుకుని కూర్చున్నామె, చంటిదాన్ని సముదాయిస్తూనే నా వైపు చూసింది.

"ఆ మాట అప్పుడు అనాల్సింది, బావా."